మూతపడిన ఆసుపత్రి ఆవరణలో మిగిలిన పాత ఇల్లు: కట్టింది ఆసుపత్రా, అంతకు ముందువాళ్లా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు కౌంటీ (మన జిల్లా లాంటి విభాగం) మానసిక ఆసుపత్రి ఉన్న స్థలంలో వార్డులన్నీ దాదాపుగా కూల్చేశారు, ఒక రెండంతస్తుల ఇటుక ఇల్లు మాత్రం నిలిచింది. ఊళ్లోవాళ్లు దాన్ని ‘సూపరింటెండెంట్ ఇల్లు’ అంటారు. కోర్సులో భాగంగా మీరు దానిపై నివేదిక రాయాలి. ఆ ఇల్లు ఆసుపత్రి కట్టించిందా, అంతకు ముందునుంచీ ఉందా అన్నది మీ మొదటి సందేహం. ఆసుపత్రి కాలంలో చేసిన మార్పులను ఇంటికి జరిగిన నష్టంగా చూపాలా అన్నది రెండోది.

మీరిచ్చిన వివరాలను బట్టి ఆ ఇల్లు ఆసుపత్రికంటే ముందుదే అని నా అభిప్రాయం. సూపరింటెండెంట్ అందులో ఉండి ఉండవచ్చు, కానీ అది ఆయన కోసం కట్టింది కాదు. ఎందుకంటున్నానో చెబుతాను. అయితే ఇంటి గోడల దగ్గర మొదలుపెట్టను. ఇలాంటి చోట్ల తొలి సాక్ష్యం నేలలో ఉంటుంది. విద్యార్థులు నేరుగా లోపలికి వెళ్లి పొయ్యిగూళ్ల ఫొటోలు తీస్తారు, బయట అడుగు పెట్టరు.

కొంచెం నేపథ్యం. కౌంటీలు మానసిక రోగులకు ఆశ్రయాలు కట్టుకోవచ్చని 1808 చట్టం అనుమతించింది. 1845 చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. దాంతో ప్రతి కౌంటీ స్థలం కోసం వెతకడం మొదలుపెట్టింది. వాళ్లకు కావలసినవి ఊరికి మరీ దూరం కాని ఎత్తయిన ప్రదేశం, మంచి నీరు, సాగుకు భూమి, కిటికీలోంచి చూస్తే కనిపించే చెట్లూ లోయా. పచ్చని దృశ్యమూ పొలం పనీ మనసును కుదుటపరుస్తాయన్నది ఆనాటి వైద్యుల గట్టి నమ్మకం. ఇవన్నీ ఒకేచోట ఎక్కడ దొరుకుతాయి? ఒక శతాబ్దం ముందు ఏ సంపన్నుడో ఏరికోరి ఇల్లు కట్టుకున్న ఎస్టేటులోనే. కౌంటీలు ఎస్టేటును కొన్నప్పుడు ఇల్లు కూడా దానితో వచ్చేది.

ఒకప్పుడు ఎసెక్స్‌లో, ఇప్పుడు లండన్ పరిధిలో ఉన్న క్లేబరీ దీనికి మంచి ఉదాహరణ. అక్కడి క్లేబరీ హాల్‌ను 1790 ప్రాంతంలో జెస్సీ గిబ్సన్ రూపొందించాడు. చుట్టూ ఉన్న తోటకూ అడవికీ 1791లో సలహా ఇచ్చింది హంఫ్రీ రెప్టన్. ఆ ఎస్టేటులోనే జార్జ్ థామస్ హైన్ రూపకల్పన చేసిన పెద్ద ఆసుపత్రి 1893లో తెరుచుకుంది. హాల్‌ను పడగొట్టలేదు, డబ్బు చెల్లించే రోగులను అందులో ఉంచారు. ఆసుపత్రి 1990ల చివర్లో మూతపడి ఇళ్ల సముదాయంగా మారింది. ఆ సముదాయానికి రెప్టన్ పేరే పెట్టుకున్నారు. సిడ్నీలోని కాలన్ పార్క్‌లోనూ ఇలాగే జరిగింది. న్యాయాధికారి జాన్ ర్యాన్ బ్రెనన్ 1840 ప్రాంతంలో కట్టుకున్న గ్యారీ ఓవెన్ హౌస్‌ను, దాని భూమితో సహా ప్రభుత్వం 1873లో కొన్నది. ప్రధాన వార్డులు లేవకముందే తొలి రోగులను ఆ ఇంట్లోనే ఉంచింది. తరువాతి కాలంలో అందులో రచయితల కేంద్రం నెలకొంది. కాబట్టి మీ ఇంటి కథ అసాధారణమేమీ కాదు.

ఇక మీ స్థలానికి వద్దాం. ఇంటి ముఖభాగం దక్షిణాన లోయవైపు చూస్తోందని, ఆసుపత్రి అంతా వెనకవైపు ఉత్తరాన ఉండేదని రాశారు. నన్ను ముందుగా ఒప్పించింది ఇదే. ఆసుపత్రి కట్టించిన సూపరింటెండెంట్ ఇల్లు ఆసుపత్రికి వీపు పెట్టదు. తొలినాళ్లలో సూపరింటెండెంట్ వేరే ఇంట్లో ఉండేవాడే కాదు, ప్రధాన భవనం నడిమి భాగంలోనే కుటుంబంతో కాపురముండేవాడు. విడి ఇల్లు కట్టడం మొదలయ్యాక కూడా దాన్ని ప్రధాన ద్వారం దారి పక్కనో, వచ్చేపోయేవాళ్లు కనిపించే చోటో పెట్టారు. కొన్నిచోట్ల కార్యాలయానికి తడవకుండా వెళ్లడానికి కప్పున్న నడవ కూడా వేశారు. మీ ఇంటికి పాత బండిదారి దక్షిణంనుంచి వంపు తిరుగుతూ వచ్చి ముఖమండపం ముందు ఆగుతుంది. ఆసుపత్రి రోడ్డేమో వెనక వంటింటి దగ్గర ముగుస్తుంది. రెండు దారులు, రెండు కాలాలు. పటం గీసేటప్పుడు వీటిని రెండు రంగుల్లో చూపండి.

తరువాత ఆ రెండు కందకాలు. ఇటుక గోడతో కట్టిన లోతైన కాలువలు ఒకటి ఇంటి ముందు, ఇంకొకటి కూల్చేసిన వార్డుల దగ్గర ఉన్నాయని, రెండూ ఒకేలా ఉన్నాయని రాశారు. ఒకేలా ఉండవు, ఇంకోసారి వెళ్లి చూడండి. వీటిని హా-హా అంటారు. నేలను తవ్వి ఒకవైపు నిలువుగా గోడ కడతారు, రెండోవైపు ఏటవాలుగా గడ్డి పెంచుతారు. దూరంనుంచి చూస్తే కంచె ఉన్నట్టే కనిపించదు. పద్దెనిమిదో శతాబ్దపు ఎస్టేటుల్లో పశువులు తోటలోకి రాకుండా, ఇంట్లోంచి చూసేవాళ్లకు పచ్చిక ఎక్కడా తెగకుండా ఈ ఏర్పాటు చేసేవారు. పశువు ఏటవాలుగా దిగి నిలువు గోడ ముందు ఆగిపోవాలి. అంటే గోడ ఇంటివైపు అంచున ఉండి, దాని ముఖం బయటి పొలంవైపు తిరిగి ఉంటుంది.

ఆసుపత్రులు ఇదే ఉపాయాన్ని తిప్పి వాడుకున్నాయి. రోగులు గాలి పీల్చుకోవడానికి తిరిగే ఆవరణల చుట్టూ ఎత్తు గోడ కడితే జైలులా ఉంటుంది, కట్టకపోతే పారిపోతారు. అందుకని గోడను పల్లంలో కట్టారు. ఇక్కడ ఏటవాలు లోపలివైపు ఉంటుంది. నిలువు గోడ బయటి అంచున ఉండి, దాని ముఖం లోపలికి, రోగివైపు తిరిగి ఉంటుంది. ఆవరణ మధ్యలో నిలబడితే గోడ తల మాత్రమే కనిపిస్తుంది, దాని మీదుగా కొండలూ కనిపిస్తాయి. పల్లంలోకి దిగితే మాత్రం మనిషికి మించిన ఎత్తు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని బీచ్‌వర్త్ ఆసుపత్రిలో ఇలాంటివి ఉన్నాయి. మీ స్థలంలో ఇంటి ముందున్న గోడ ముఖం లోయవైపు, వార్డుల దగ్గరి గోడ ముఖం లోపలికి ఉంటే మీ వాదన సగం నిలబడ్డట్టే. ఒకటి పశువుల కోసం, ఇంకొకటి మనుషుల కోసం. నివేదికలో ఒక పేజీ దీనికే కేటాయించండి. రెండింటికీ అడ్డుకోత బొమ్మలు గీసి పక్కపక్కన పెట్టండి. నాకు తెలిసి ఈ తేడాను ఎవరూ కొలిచి చూపరు. కందకం కనిపించగానే ‘రక్షణ కోసం’ అని ఒక మాట రాసేసి ముందుకు పోతారు.

ఇంటి పక్కనున్న ఆ మహావృక్షం ఫొటో చూశాను. ఎర్రటి మెత్తని బెరడు, మొదట్లో వెడల్పై పైకి సన్నబడిన మాను చూస్తే వెల్లింగ్టోనియాలాగే (అమెరికాకు చెందిన జెయింట్ సెకోయా) ఉంది. ఆ జాతి బ్రిటన్‌కు వచ్చింది 1853లో. కాబట్టి ఆ చెట్టు ఇంటి తొలి తోటలోది కాదు. చివరి యజమాని నాటినదో, ఆసుపత్రి నాటినదో అయి ఉండాలి. ఓక్ చెట్ల వరుస ఒకటుందన్నారు, అది పాత బండిదారి వెంట సాగుతోందేమో చూడండి.

ఇప్పుడు గోడలు. ముఖభాగంలో ప్రతి వరుసలోనూ ఒక ఇటుక పొడుగు ముఖం, దాని పక్క ఇటుక పొట్టి ముఖం మార్చి మార్చి కనిపిస్తున్నాయి. ఇది ఫ్లెమిష్ కట్టు. జార్జియన్ కాలంలో, అంటే పద్దెనిమిదో శతాబ్దంనుంచి పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల దాకా, పేరున్న ఇళ్ల ముందువైపు ఇదే వాడేవారు, అయితే తరువాతా వాడారు, కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని తేదీ చెప్పకండి. వెనక చేర్పులో అన్నీ పొడుగు ముఖాలే కనిపిస్తున్నాయంటే మధ్యలో ఖాళీ వదిలిన జంట గోడ కావచ్చు, ఇరవయ్యో శతాబ్దపు పని. ఇటుక ఎత్తు కూడా కొలవండి. 1784నుంచి 1850దాకా ఇటుకల లెక్కన పన్ను ఉండేది, అందుకని కొందరు ఇటుకను పెద్దది చేశారు. పన్ను పోయాక కూడా ఆ అలవాటు కొన్నిచోట్ల మిగిలింది. కాబట్టి ఇది కూడా అనుబంధ సాక్ష్యమే.

కిటికీలు ఇంతకంటే నమ్మకంగా చెబుతాయి. పైకీ కిందికీ జరిగే రెక్కల్లో, పై రెక్క అడుగు మూలల్లో కొమ్ముల్లాంటి చిన్న చెక్క పొడిగింపులు ఉన్నాయా చూడండి. గాజుపై పన్ను 1845లో పోయాక పెద్ద అద్దాలు చౌకయ్యాయి. వాటి బరువుకు మూలల అతుకులు వదులు కాకుండా పందొమ్మిదో శతాబ్దం మధ్యనుంచి ఈ కొమ్ములు వదిలారు. కొమ్ములు లేకుండా, చిన్న చిన్న అద్దాలతో, సన్నని చెక్క పట్టీలతో ఉన్న రెక్క అయితే అంతకంటే పాతది కావచ్చు. పాతదాన్ని చూసి చేసిన నకలు కూడా కావచ్చు, అందుకే పట్టీ మందం కొలిచి రాసుకోవాలి.

కింది గది కిటికీలు ‘జానెడు కూడా తెరుచుకోవడం లేదు, బిగుసుకుపోయినట్టున్నాయి’ అని రాశారు. బిగుసుకుపోవడం కాదనుకుంటాను. రెక్క జరిగే గాడిలో చిన్న చెక్క దిమ్మె ఒకటి మరలతో బిగించి, దాని మీద పొరలు పొరలుగా రంగు వేసి ఉంటుంది, వేలితో తడిమి చూడండి. మానసిక ఆసుపత్రుల్లో కిటికీ సుమారు 5 అంగుళాలకు మించి తెరుచుకోకుండా ఇలాంటి అడ్డు పెట్టేవారు. గాలి రావాలి, మనిషి దూరకూడదు. ఇప్పటి ఆసుపత్రుల్లో వాడే స్టీలు పట్టీ అడ్డు వేరు, దాని పరిమితి 100 మిల్లీమీటర్లు. చెక్క దిమ్మె, దాని మీద మందమైన రంగు ఉంటే ఆ గదిలో ఒకప్పుడు రోగులు ఉన్నారనడానికి బలమైన ఆధారం. సూపరింటెండెంట్ తన సొంత హాలు కిటికీలకు దిమ్మెలు కొట్టించుకోడు కదా. రంగు గీకకండి, పక్కనుంచి వెలుతురు పెట్టి ఫొటో తీయండి.

జేబులో చిన్న అయస్కాంతం కూడా పట్టుకెళ్లండి. 1796లో క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన విలియం ట్యూక్ యార్క్‌లో తెరిచిన రిట్రీట్ అనే మానసిక ఆశ్రయంలో కిటికీ చట్రాలు ఇనుపవి. ఇనుప కటకటాలున్నాయన్న భావన రోగికి కలగకూడదని చెక్కలా కనిపించేట్టు చేశారు. తరువాత చాలా ఆసుపత్రులు ఆ దారి పట్టాయి. మీ కిటికీ పట్టీలకు అయస్కాంతం అతుక్కుంటే ఆ కిటికీ మొత్తాన్నీ ఆసుపత్రే మార్చి ఉండవచ్చు.

పై అంతస్తులో గోడ మూలలు గుండ్రంగా ఉన్నాయన్నారు. దుమ్ము చేరకుండా, తుడవడానికి వీలుగా, తగిలితే గాయం కాకుండా ఆసుపత్రులు ఇలా చేసేవి. నేలా గోడా కలిసేచోట కూడా వంపు ఉంటే అది వార్డు పనే అయ్యే అవకాశం ఎక్కువ. ఒక గదిలో తలుపు మిగతావాటికంటే వెడల్పుగా ఉందన్నది నాకు ఆసక్తిగా ఉంది. మంచం పట్టేలా గోడ కోసి ఉంటారు. పైన దూలం బయటపడితే దాని నడుము మీద అచ్చు అక్షరాలు వెతకండి. బ్రిటిష్ ఉక్కు దూలాల మీద తయారీదారు పేరు ఉబ్బెత్తుగా ఉంటుంది. ఉదాహరణకు డోర్మన్ లాంగ్ అని ఉంటే, ఆ కంపెనీ మొదలైంది 1875లో, కాబట్టి ఆ మార్పు అంతకంటే ముందుది కాలేదు. పడకగది ప్రతిదాంట్లోనూ చేతులు కడుక్కునే తొట్టి పైపులు కోసేసిన మొండేలు కనిపిస్తే, ఏదో ఒక దశలో అది నర్సుల వసతిగా నడిచిందని అనుకోవచ్చు. ఇలాంటి ఇల్లు ఒకే పనికి కట్టుబడి ఉండదు. యజమాని ఇల్లు, రోగుల ఇల్లు, నర్సుల వసతి, జీతాల ఆఫీసు ఇలా చేతులు మారుతూ పోతుంది. మీ ఇంట్లో కనీసం మూడు దశలు కనిపిస్తున్నాయి.

చదునైన తలుపుల గురించి ఒక హెచ్చరిక. పలకల తలుపుల మీద హార్డ్‌బోర్డు కొట్టి చదును చేయడం యుద్ధానంతర కాలపు ఆసుపత్రి అలవాటు, లోపల జార్జియన్ తలుపు భద్రంగా ఉండే అవకాశం బాగా ఉంది. కానీ మీరు మాత్రం ఊడదీయకండి. మంటలను ఆపడానికి అలాంటిచోట ఆస్బెస్టాస్ (దాని పొడి పీల్చితే ప్రమాదం) పలకలు కూడా వాడారు. బ్రిటన్‌లో దాని వాడకాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. ఆస్బెస్టాస్ సర్వే నివేదిక ఉందా అని స్థల యజమానిని అడిగి, అది చదివాకే లోపల ఏదైనా తాకండి. నేలమాళిగ పైపుల చుట్టూ ఉన్న తెల్లటి పూతకైతే దూరంగా ఉండండి.

పైపులంటే చెమ్మ సంగతి గుర్తొచ్చింది. ఈశాన్య మూలలో గోడ తడిసి పెచ్చులూడుతోందని, ‘పాత ఇల్లు కాబట్టి’ అని రాశారు. పాతదవడం జబ్బు కాదు. ఆ ఇల్లు వందేళ్లకు పైగా పొడిగానే నిలిచింది. ఇలాంటి ఆవరణల్లో ఒక కేంద్ర బాయిలరు ఉండేది, దాని ఆవిరి నేలకింది సొరంగాల్లో పైపుల ద్వారా ప్రతి భవనానికీ వెళ్లేది. 1961లో ఆరోగ్య మంత్రి ఇనోక్ పావెల్ ఈ ఆసుపత్రులను మూసేయాలని ప్రసంగించినప్పుడు వాటికి గుర్తుగా ఎంచుకున్నది ఆ పొగగొట్టాన్నీ నీటి బురుజునే. ఆవిరి వచ్చాక ఇంట్లో పొయ్యిగూళ్లు మూసేశారు, పొగగొట్టాలకు పైన మూతలు పెట్టారు. ఆసుపత్రి మూతపడగానే ఆవిరి ఆగింది. అప్పుడు అటు వెచ్చదనమూ లేదు, ఇటు పొగగొట్టంలో గాలీ లేదు. దానికి తోడు మీ ఫొటోలో ఇటుకల మధ్య బూడిదరంగు సిమెంటు పూత కనిపిస్తోంది. సున్నం కట్టుబడిలో చేరిన తడి సున్నపు అతుకుల్లోంచి బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుంటుంది, తడి ఇటుకలోంచే బయటికొస్తూ దాని ముఖాన్ని రాలగొడుతుంది. చిమ్నీ మూతలకు గాలి రంధ్రాలు, వాననీటి గొట్టాల శుభ్రత, సిమెంటు తీసి సున్నం పూయడం, ఇవి ముందు. గోడలోకి రసాయనాలు ఎక్కించే కంపెనీల ప్రకటనలు మీకు కనిపిస్తాయి, నా సలహా అయితే వాటిని పక్కన పెట్టమనే.

మీ రెండో సందేహం, ఆసుపత్రి మార్పులు నష్టమా అన్నది. స్థలం కొన్న బిల్డరు ‘అసలు జార్జియన్ వైభవాన్ని తిరిగి తెస్తాం’ అంటున్నాడని రాశారు. ఈ వాక్యం వినగానే నాకు అనుమానం మొదలవుతుంది. ఆ ఇల్లు సొంతదారు నివాసంగా ఉన్న కాలంకంటే ఆసుపత్రిలో భాగంగా ఉన్న కాలం ఎక్కువై ఉండవచ్చు. వార్డులన్నీ కూల్చేశాక అక్కడ బతికిన వేలమంది రోగుల జాడ మిగిలింది ఆ కిటికీ దిమ్మెల్లో, ఆ గుండ్రటి మూలల్లోనే. వాటిని కూడా చెక్కేస్తే మిగిలేది అమ్మకానికి పనికొచ్చే అందమైన ముఖభాగం. చారిత్రక కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయంగా పాటించే 1964 వెనిస్ చార్టర్ 11వ అధికరణం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. కట్టడానికి అన్ని కాలాలూ చేర్చిన విలువైన అంశాలను గౌరవించాలి, ఒకే శైలికి తేవడం పునరుద్ధరణ లక్ష్యం కాదు.

అలాగని ప్రతి ప్లాస్టిక్ పైపునూ పూజించమని కాదు. వేలాడే కప్పు పలకలు, ట్యూబ్‌లైట్ పెట్టెలు, అగ్గిపెట్టెల్లాంటి అడ్డుగోడలు ఫొటో తీసి, కొలిచి, తీసేయవచ్చు. సిమెంటు పూత ఇంటికి హాని చేస్తోంది కాబట్టి పోవాలి, అదీ ఇటుక అంచు విరగకుండా చేతి పనిముట్లతో. దిమ్మెలున్న కిటికీలు, వెడల్పు తలుపు, గుండ్రటి మూలలున్న గది మాత్రం ఉండాలని నేనైతే రాస్తాను. కనీసం ఆ ఒక్క గదినైనా ముట్టుకోవద్దని గట్టిగా రాయండి.

చట్టం సంగతి క్లుప్తంగా. ఇల్లు జాతీయ వారసత్వ జాబితాలో ఉందో లేదో హిస్టారిక్ ఇంగ్లండ్ (పాత కట్టడాల బాధ్యత చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులో చూడండి. జాబితాలో ఉంటే దాని ప్రత్యేకతను దెబ్బతీసే మార్పులకు, లోపలి మార్పులతో సహా, స్థానిక ప్రణాళికా సంస్థ అనుమతి కావాలి. 1990 చట్టం ప్రకారం అనుమతి లేకుండా చేయడం నేరం. బిల్డర్లు మరిచిపోయే విషయం ఇంకోటి. 1948 జూలై 1కి ముందునుంచీ ఉండి, ఆ ఇంటి ఆవరణలో భాగమని తేలిన కట్టడాలకూ అదే రక్షణ వర్తిస్తుంది. ఇంటి ముందున్న కందకం గోడ ఈ కిందికి వచ్చే అవకాశం ఉంది. అందుకే దాన్ని కొలవమని అంతగా చెప్పాను.

కాగితాల విషయానికొస్తే కౌంటీ ఆర్కైవ్స్‌లో 1840ల నాటి పన్ను పటాలు, అంటే టైత్ మ్యాపులు అడగండి. ఆసుపత్రి తెరవకముందు నాటి పటంలో ఆ చోట ఇల్లు కనిపిస్తే మొదటి ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. తరువాత ఆసుపత్రి వార్షిక నివేదికలు. సూపరింటెండెంట్లు వాటిలో ఏ ఏడాది ఏ గదికి రంగు వేయించారో, ఎక్కడ గోడ తీశారో కూడా రాసేవారు, ఆ పనిలో రోగులు పాలుపంచుకున్నట్టూ కనిపిస్తుంది. రోగుల వ్యక్తిగత రికార్డుల మీద గోప్యత పరిమితులుంటాయి, మీకు వాటి అవసరం లేదు. భవనాల కమిటీ సమావేశాల మినిట్స్ (చర్చల నమోదు) చాలు.

వెళ్లినప్పుడు అటకమీది దూలాలు కూడా చూడండి. రంపపు గీతలు నిటారుగా సమాంతరంగా ఉంటే పాత పద్ధతి కోత, విల్లులా వంపు తిరిగి ఉంటే వృత్తాకార రంపం, అంటే పందొమ్మిదో శతాబ్దంలోకి వచ్చినట్టు. ముందువైపు కప్పులో ఒకరకం, వెనక చేర్పులో ఇంకోరకం ఉంటాయని నా అంచనా. ఆ ఫొటోలతో పాటు రెండు కందకాల గోడలు ఎటు తిరిగి ఉన్నాయో దిక్కు గుర్తు వేసి ఇక్కడ పెట్టండి, అవి చూశాక నివేదిక దశల పటం ఎలా గీయాలో మాట్లాడుకుందాం.